అలుగుకు కట్టిన జాలి

చెరువు నిండి అలుగు పోసేటప్పుడు నీళ్లతో పాటు చేపలూ వెళ్లిపోతాయి. కొత్తనీరు తగిలితే చేప ఒకచోట నిలవదు. అందుకని చేపలు పెంచుకునేవాళ్లు అలుగుకు అడ్డంగా వల కడతారు. మునగాల దగ్గర హైవే దిగి లోపలికి వస్తే మా ఊరు. అక్కడి చెరువుకు చాలా ఏళ్లు ఆ వల కట్టింది మా పెద్దనాయన మల్సూర్.

కట్టేది ఆయనే అయినా, దాన్ని ఎప్పుడు లేపాలో చెప్పేది మత్తయ్య. మత్తయ్య మా ఊరి నీరటి. తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూడడం వాళ్ల తాతల నాటి నుంచి వచ్చిన పని. పెద్దనాయనకు చేపలు పోకూడదు, మత్తయ్యకు కట్ట తెగకూడదు. ఒకరి పని ఒకరికి అడ్డమే. అయినా తగాదా రాకుండా ఒక కట్టుబాటు ఉండేది. అలుగు పక్కన కట్టమైసమ్మ రాయి ఉంది. దాని మొదట్లోకి నీళ్లొస్తే మత్తయ్య కేక వేయాలి, పెద్దనాయన వల లేపాలి. అప్పట్లో అది నైలాను వల. రెండు చివరలా తాళ్లు పట్టి ఇద్దరు లాగితే లేచేది. ఉరవడి తగ్గాక మళ్లీ దించేవాళ్లు. ఈలోపు పోయిన చేపలు పోయినట్టే, వాటి కోసం ఎవరూ ఏడ్చేవాళ్లు కాదు.

"మీ అమ్మ కాళ్లు తడిసినయి తమ్మీ, లేపు," అనేవాడట మత్తయ్య.

"మీ ప్రభువు నీళ్ల మీదనే నడిచిండు గదన్నా, జర ఆగితే ఏమైతది," అనేవాడట పెద్దనాయన, అప్పటికే తాడు విప్పుతూ.

మత్తయ్య ఇల్లు కట్ట కిందనే ఉండేది. ఆ ఇళ్లన్నిటినీ కలిపి కింది వాడ అంటాం. చర్చి కూడా అక్కడే. అలుగు పోసిన రోజు కింది వాడ పిల్లలు కాలువలో చేపలు పట్టుకుని, మత్తయ్య భార్య లింగమ్మ దగ్గరికి తెచ్చేవాళ్లు. ఆమె వాటిని చింతపండు పులుసు పెట్టి, ఒక గిన్నెడు పెద్దనాయనకు పంపేది. ఆయన చెరువులో నుంచి పారిపోయిన చేపలే ఆయన కంచంలోకి వచ్చేవి. "మీ చేపలు మా ఇంటికి చుట్టపుసూపుగ వచ్చినయి," అని కబురు చెప్పించేదట లింగమ్మ.

హైవే వెడల్పయ్యాక చెరువుకు ఎగువన ప్లాట్లు వెలిశాయి. దాబాలు వచ్చాయి. చెరువులోకి వాననీళ్లు తెచ్చే కాలువలోకే వాటి మురుగు కూడా చేరింది. ఒక్కరోజులో జరిగింది కాదు కాబట్టి, ఎవరికీ ఇది మొదలైంది ఫలానా రోజు అని గుర్తు లేదు. నీళ్లు ఆకుపచ్చగా చిక్కబడ్డాయి. బట్టలు ఉతికే చాకిరేవు బండలు ఖాళీ అయ్యాయి. రవ్వలు, బొచ్చెలు లాంటి మంచి చేపలు ఎదగడం తగ్గింది. ఎక్కడ చూసినా మురికిలోనూ బతికే జిలేబీ చేపలే. ఎండాకాలం తెల్లవారేసరికి చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలేవి. ఒకసారి ఎవరో ఫిర్యాదు చేస్తే పట్నం నుంచి ఒకాయన వచ్చి, సీసాల్లో నీళ్లు నింపుకుని వెళ్లాడు. ఆ నీళ్లలో ఏముందో ఊరికి చెప్పిన వాళ్లు లేరు. పెద్దనాయన చేతులు మోచేతుల దాకా దద్దుర్లు లేచి, గోకి గోకి పుండ్లు పడ్డాయి. సూర్యాపేట దవాఖానలో డాక్టరు మందు రాసి, నీళ్లలోకి దిగొద్దన్నాడు. పెద్దనాయన బయటికొచ్చి నవ్వాడు. దిగకపోతే ఏం చేయాలో ఆ డాక్టరు రాయలేదు.

తర్వాత గుర్రపుడెక్క వచ్చింది. మురుగు తిని పెరిగే మొక్క అది. మొదట్లో ఊదారంగు పూలు చూసి పిల్లలు కోసుకునేవాళ్లు. రెండేళ్లకు చెరువు సగం చాప పరిచినట్టయింది. వాన పడి నీళ్లు కదిలితే ఆ చాపంతా అలుగు వైపుకే నడుస్తుంది. దాని బరువుకు నైలాను వల ఒక వానకే చిరిగింది. మరుసటేడు కొత్తది కట్టారు. అదీ చిరిగింది. ఆ రెండో ఏడు చేపలు దాదాపు అన్నీ పోయాయి.

ఇనుప జాలి పెడదామన్న ఆలోచన పెద్దనాయనదే. చేపల సొసైటీలో అందరూ సరేనన్నారు. కోదాడ నుంచి వెల్డింగు ఆయన వచ్చి, అలుగు రాళ్లలో సిమెంటు వేసి రాడ్లు దించి, వాటికి జాలి అతికించాడు. పని అయ్యాక దాన్ని పట్టుకుని ఊపి చూపించాడు. "ఏనుగొచ్చి గుద్దినా కదలదండీ," అన్నాడు. పెద్దనాయన కూడా ఊపి చూశాడు. కదల్లేదు. ఆయనకు అది చాలా నచ్చింది.

మత్తయ్య అది చూడడానికి కుంటుకుంటూ వచ్చాడు. అప్పటికి షుగరు వల్ల ఆయన ఎడమకాలి వేళ్లు రెండు తీసేశారు. చాలాసేపు చూసి, మరి దీన్ని లేపేదెట్ల అని అడిగాడట. లేపేది లేదు, డెక్క వస్తే కొడవళ్లతో కోసి తీసేయడమే అన్నాడు పెద్దనాయన. ఇద్దరి మధ్య ఉన్న కట్టుబాటు ఆ రోజుతో పోయింది. పోయిందని ఇద్దరికీ తెలుసు.

ఆ ఏడు వానాకాలం ముందు రైతువేదికలో ఒక శిక్షణ పెట్టారు. వరదలొస్తే ఏం చేయాలో చెప్పడానికి శ్రీవాణి అనే ఆమె వచ్చింది. చిన్న వయసు, ఓపిక ఉన్న మనిషి. ముందుగా బోర్డు మీద వేరే వేరే మాటలు రాసి వివరించబోయింది. పర్యావరణానికి ఉన్న ముప్పు ఒకటి, విపత్తు వల్ల వచ్చే ముప్పు ఒకటి అంది. వెనక కూర్చున్నవాళ్లు ఆవలించారు. అప్పుడామె చేతిలోని పెన్ను పక్కన పెట్టి, కాలికి పుండు ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. అందరూ మత్తయ్య వైపు చూశారు.

"మేడం, ఆయన కాలు జోలికి పోకుండ్రి. ఉన్న మూడు వేళ్లు మాకు గావాలె," అన్నాడు పెద్దనాయన. అంతా నవ్వారు. మత్తయ్యే అందరికన్నా ఎక్కువ నవ్వాడు.

ఆమె కూడా నవ్వి, అసలు సంగతి అప్పుడు చెప్పింది.

"ముల్లు అందరికి గుచ్చుకుంటది. మామూలోళ్లు పీకి పారేస్తరు. షుగరున్న పెద్దయ్యకు గదే ముల్లు కాలు తీసేదాక పోతది. వాన ముల్లు లెక్క. మీ చెరువుల ఏండ్లకేండ్లు మురుగు చేరుడు, షుగరు లెక్క. అది రోజూ నొప్పి పెట్టది గనక మనం పట్టించుకోం. ముల్లు గుచ్చుకున్ననాడు మాత్రం ముల్లునే తిడతం."

శిక్షణ అయ్యాక ఆమె కట్ట మీదికి వచ్చి జాలి చూసింది. పెద్దనాయన దాని గట్టిదనం చూపించడానికి మళ్లీ ఊపాడు. ఆమె ముఖం మారింది. వానలు ముదరక ముందే దీన్ని కోయించేయమంది. డెక్క వచ్చి ఇక్కడ పడితే అలుగు గోడ అయిపోతుందని, గోడ అయితే నీళ్లు కట్ట మీదికి ఎక్కుతాయని, కట్ట కింద ఉన్న ఇళ్ల వైపు చేయి చూపించి మరీ చెప్పింది. పెద్దనాయన తల ఊపాడు. ఆమె చెప్పింది ఆయనకు కొత్త కాదు. ఆయనకు అర్థం కానిదీ అందులో ఏమీ లేదు.

ఆ వారంలోనే సొసైటీ కూర్చుంది. జాలి తీసేస్తే ఈ ఏడు కూడా చేపలు దక్కవు. రెండు ఎండాకాలాలు చచ్చినవి పోను, మూడోసారి పోసిన చేపపిల్లలు ఎదుగుతున్నాయి. దసరా దాకా ఉంచుదామన్నది పెద్దనాయనే. అంత వానొస్తే కోదాడ నుంచి గ్యాస్ కట్టర్ తెప్పించి గంటలో కోయించేద్దాం అన్నాడు. చెరువు ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు కనుక ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆ సాయంత్రం మత్తయ్య మా ఇంటి ముందుకొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నేను టీ ఇచ్చాను. చక్కెర వేయలేదని చెబితే, వేసినా తాగేవాణ్ణే బిడ్డా అన్నాడు. తర్వాత పెద్దనాయనతో నెమ్మదిగా అన్నాడు.

"నీ చేపలు పోతే మళ్ల పోసుకుంటవ్ తమ్మీ. నీళ్లు పోవాల్నంటే యాడికి పోవాలె? మా ఇంట్లకేనా?"

"నేనుండంగ పోనిస్తనా అన్నా."

మత్తయ్య ఆ మాట నమ్మాడు. నమ్మకుండా ఉండడానికి ఆయనకు కారణం లేదు. పెద్దనాయన ఆయనకు ఎన్నడూ అబద్ధం చెప్పలేదు, ఆ రోజు కూడా చెప్పలేదు.

వినాయకచవితికి కొద్ది రోజుల ముందు పట్టిన వాన అది. శనివారం తెల్లవారుజామున మొదలైంది. పొద్దెక్కినా చీకటి పోలేదు. మధ్యాహ్నానికి పైన ప్లాట్ల మధ్య సిమెంటు రోడ్ల మీది నీళ్లన్నీ ఒక్కసారే కాలువలో పడ్డాయి. ఒకప్పుడు అది మట్టి నేల, సగం వాన అక్కడే ఇంకేది. డెక్క కదిలింది. ప్లాస్టిక్ సంచులు, దాబాల సీసాలు, చచ్చిన కుక్క ఒకటి, అన్నీ ఆ పచ్చటి చాపలో చిక్కుకుని అలుగు మీదికి వచ్చాయి. పెద్దనాయన, సొసైటీ మనుషులు నడుము లోతులో నిలబడి కొడవళ్లతో కోసి, అవతలికి విసిరారు. ఒక మోపు తీస్తే వెనక పది మోపులు వచ్చి పడేవి. కోదాడ వెల్డింగాయనకు ఫోన్ చేస్తే, దారిలో వాగు రోడ్డెక్కిందని, బండి రాదని చెప్పాడు.

మత్తయ్య తూము దగ్గరికి పోయి తిప్పుడు చక్రం తిప్పబోయాడు. లోపల డెక్క వేళ్లు పెనవేసుకుని తలుపు కొంచెం లేచి ఆగిపోయింది. అక్కడి నుంచి ఆయన పార భుజాన వేసుకుని అలుగు దగ్గరికి వచ్చాడు. మైసమ్మ రాయి మునిగిపోయింది. ఆ చోటు చూసి కూడా ఆయన ఏ ఎగతాళీ చేయలేదు.

"తమ్మీ, బీడు దిక్కు గండి కొడదాం," అన్నాడు.

కట్ట చివర బీడు భూముల వైపు గండి కొడితే నీళ్లు ఇళ్ల మీదికి రాకుండా అటు పోతాయి. పాత రోజుల్లో ఒకటి రెండుసార్లు అలా చేశారు. చేస్తే చెరువు ఖాళీ అవుతుంది. చేపలన్నీ పోతాయి. ఆ ఏడు యాసంగి పంటకు నీళ్లు కూడా ఉండవు. చెప్పి చేయించడానికి ఊళ్లో సర్పంచ్ లేడు, గడువు అయిపోయి ఎన్నికలు కాలేదు. ఆ వానలో ఆ మాట చెప్పగలిగింది వాళ్లిద్దరే.

పెద్దనాయన జాలి వైపు చూశాడు. ఒక మూల కొంచెం ఖాళీ అయి నీళ్లు జారుతున్నాయి.

"ఒక్క గంటాగన్నా. గీ మూల తెరుచుకుంటాంది. గంటల అలుగు సాఫ్ జేస్త."

మత్తయ్య పార దించాడు. అటుగా పోతున్న మనిషితో కింది వాడకు కబురు పంపాడు. అందరూ బడి మీదికి ఎక్కండి, గంట టైముంది అని చెప్పమన్నాడు. వాడ వాళ్లు అప్పటికే చాలామంది బడికి చేరారు. లింగమ్మ కూడా చేరింది. గంట ఉందన్న మాట విన్నాక ఆమె వెనక్కి వెళ్లింది. పాకలో మేకలు కట్టేసి ఉన్నాయి. తాళ్లు విప్పి వాటిని తోలుకొస్తానంది. గంటంటే చాలా సమయమే.

కట్ట తెగింది గంట కాకముందే. అలుగు దగ్గర కాదు, బీడు దగ్గరా కాదు. నడిమధ్యన, చర్చికి ఎదురుగా. పెద్దనాయనకు ముందు చప్పుడు వినబడలేదట. నడుము దాకా ఉన్న నీళ్లు మోకాళ్లకు, మోకాళ్ల నుంచి పాదాలకు దిగుతుంటే, అలుగు తెరుచుకుందనుకున్నాడట. సంతోషంగా తల తిప్పి మత్తయ్యను పిలిచాడట. మత్తయ్య అప్పటికే కట్ట మీద ఆ కాలితో పరుగెత్తుతున్నాడు.

లింగమ్మ మర్నాడు పొలాల్లో దొరికింది. చేతికి మేక తాడు చుట్టుకుని ఉంది.

నీళ్లు పోయాక కింది వాడ అంతా నల్లటి బురద మిగిలింది. చెరువు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మురుగు ఇళ్లలోకి, బావుల్లోకి, పొయ్యిల్లోకి వచ్చింది. తోడిన నీళ్లు కంపు కొట్టాయి. వాడ పిల్లల ఒంటి మీద పెద్దనాయన చేతుల మీద ఉన్నటువంటి దద్దుర్లే లేచాయి. పైన నుంచి మెల్లగా వచ్చి చేరినది కిందికి ఒక్కసారిగా దిగింది, దిగి మళ్లీ మెల్లగా పని మొదలుపెట్టింది.

నష్టం చూడడానికి అధికారులు వచ్చారు. ఎంత వాన పడింది, ఎన్ని ఇళ్లు, ఎంతమంది అని అడిగారు. పెద్దనాయన గుంపులోంచి ముందుకొచ్చాడు. వాన ఒక్కటే కాదు సార్ అన్నాడు. మురుగు గురించి, డెక్క గురించి, జాలి గురించి, గంట ఆగమన్నది తానేనని, అన్నీ వరసగా చెప్పాడు. అధికారి మర్యాదగానే విన్నాడు. మురుగు సంగతి తమ కిందికి రాదని, దానికి వేరే ఆఫీసు ఉందని, తాము వరదకు వచ్చామని అన్నాడు. మనిషి వరదలో పోయింది కాబట్టి ఆమె కుటుంబానికి అందాల్సింది అందుతుందని, ఇలాంటి మాటలు చెబితే అది కూడా ఆగిపోతుందేమో ఆలోచించుకోమని, మంచికే చెప్పాడు. పెద్దనాయన వెనక్కి వచ్చాడు. చేపలు చచ్చినప్పుడు వచ్చినాయనకు వరదతో పని లేకపోయింది. వరదకు వచ్చినాయనకు చచ్చిన చేపలతో పని లేదు. రెండింటినీ కలిపి చూసిన ఆ అమ్మాయి శిక్షణ ఇచ్చి వెళ్లిపోయింది.

మత్తయ్య కొడుకు ఏసుబాబు మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో హమాలీ. తండ్రిని తన దగ్గరికి తీసుకుపోయాడు. పెద్దనాయన చెరువుకు వెళ్లడం మానేశాడు. ఇంట్లో తిన్నానో లేదో కూడా గుర్తుండని మనిషి అయ్యాడు. ఎవరైనా ఆ వాన గురించి ఎత్తితే, "వాన గాదు," అని మాత్రం అనేవాడు. అది విని వినీ జనానికి చాదస్తంలా తోచింది. తెగిన చోట ఎండాకాలంలో కొత్త కట్ట పోశారు, అలుగు కూడా కొత్తగా కట్టారు.

ఆ పని పూర్తి కావస్తుండగా ఒకనాడు ఆయన మిర్యాలగూడ పోదామన్నాడు. ఎందుకని అడిగితే, మత్తయ్య తనను ఒక్క మాట కూడా అనలేదని, అనిపించుకుని వస్తానని అన్నాడు. నేను వెంట వెళ్లాను.

మిల్లుల వెనక కిరాయి గది. బాయిలర్ పొగగొట్టం నుంచి ఊక బూడిద సన్నగా రాలుతూనే ఉంది. దండెం మీది బట్టల మీద, గోడ మీద, మంచం పట్టెల మీద నల్లటి పొర. మత్తయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు, దగ్గుతున్నాడు. ఏసుబాబు పనిలో ఉన్నాడు. మత్తయ్యే లేచి మాకు నీళ్లిచ్చాడు. గ్లాసులో తేలిన బూడిద రేణువును వేలితో తీసి మరీ ఇచ్చాడు.

"గీడ బాగనే ఉన్నదా అన్నా?"

"బాగనే ఉన్నది. గీడ చెరువు లేదు గద."

మిల్లు చప్పుడు వినబడుతోంది. పెద్దనాయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని అన్నాడు.

"గంట ఆగమన్నది నేను."

"నాకు తెల్వదా. పక్కన్నే ఉంటి గద."

"నన్నొక్క మాట అనన్నా. తిట్టు. వదిన నావల్లనే పోయిందను."

మత్తయ్య చాలాసేపు ఆయన వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేదని నాకనిపించింది.

"తిడితే నీకు పాణం తేలికయితది తమ్మీ. నాకేమయితది?" అన్నాడు. దగ్గు ఆపుకుని మళ్లీ అన్నాడు. "నీరటోన్ని నేను. నువ్వు ఆగమన్నవ్, నేను ఆగిన. పార నా చేతులనే ఉండె. పోండ్రిగ, బస్సు దొరకదు."

పెద్దనాయన లేవలేదు. మత్తయ్యే లేచి లోపలికి వెళ్లి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మేం ఇంకాసేపు అక్కడే ఉండి, చెప్పకుండానే వచ్చేశాం.

కోదాడ బస్సులో కూర్చున్నాక పెద్దనాయనకు ఫోన్ వచ్చింది. సొసైటీ నుంచి. ఆయనకు చెవి సరిగా వినబడదు కనుక స్పీకరు పెట్టాడు. కొత్త అలుగు పూర్తయిందని, చేపపిల్లలు వచ్చే వేళవుతోందని, వెల్డింగాయన కొలతలు అడుగుతున్నాడని అవతలి మనిషి చెప్పాడు. అంతకుముందు రాడ్లు ఎంత ఎడంగా పెట్టించావు మామా అని అడిగాడు.

"జాలి పెట్టకుండ్రిరా," అన్నాడు పెద్దనాయన.

అవతల నవ్వు వినిపించింది. వెక్కిరింపు నవ్వేమీ కాదు.

"మొన్నటసొంటి వాన మళ్ల యాభై ఏండ్లకు గాని రాదంటున్నరు మామా. గన్నేండ్లు మనం చేపలు తినకుంట కూసుంటమా? డెక్క ఎట్లనో తీద్దాంలే."

పెద్దనాయన నోరు తెరిచాడు. డెక్క గురించి, పైనుంచి ఇంకా వస్తున్న మురుగు గురించి, ఆ యాభై ఏళ్ల లెక్క ఎందుకు నిలవదో, ఆయన దగ్గర మాటలు ఉన్నాయి. ఇన్ని నెలలుగా అవే కదా చెబుతున్నది. కానీ ఫోన్ నా చేతిలో పెట్టి, కిటికీ వైపు తిరిగాడు. అవతలి మనిషి హలో హలో అని, మామా లైనులో ఉన్నవా అని, కనీసం పొడవైనా చెప్పమని అడుగుతూనే ఉన్నాడు.